పైనొక నార, లోనొక నార

కొండ వారనుంచి తవిటమ్మ తట్టతో రాళ్ళు మోస్తుంటే మెట్టవలస ఊరంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వినవాడు ఆమె బావగారు నరసింగరావు. నవ్వే హక్కు తనకే ఎక్కువ ఉందనుకున్నాడాయన. ఊళ్ళో గోగు మళ్ళీ మొలిచిందంటే అది ఆయన మాట మీదే కదా.

ఒకప్పుడు రామతీర్థం చుట్టుపక్కల మెట్ట పొలాల్లో ఎటు చూసినా గోగే. కర్ర కోసి, కట్టలు కట్టి, నీళ్ళలో ఊరబెట్టి, బెరడునుంచి నార తీసి జూట్ మిల్లులకు తోలేవారు. మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాక గోగు పోయింది, దాని వెనకే మనుషులూ పోయారు. కొందరు చెన్నై వెళ్ళారు. తవిటమ్మ మొగుడు చినబాబులాంటి వాళ్ళు భోగాపురంలో విమానాశ్రయం పనులకు వెళ్ళి ఆదివారం ఆదివారం ఇంటి ముఖం చూసిపోతున్నారు. మెట్ట పొలాలు ముళ్ళ కంపలు మొలిపించుకుని కూర్చున్నాయి.

అలాంటి ఊరికి 'సిరిసంత' వాళ్ళు వచ్చారు. విశాఖపట్నం నుంచి ఇచ్ఛాపురం దాకా ఊరూరా దుకాణాలున్న పెద్ద కంపెనీ అది. బిల్లు కట్టే చోట ప్లాస్టిక్ సంచులు ఇవ్వడం మానేస్తాం, గోగునార సంచులే ఇస్తాం, ఆ నార మా దుకాణాల చుట్టూ ఉన్న ఊళ్ళలోనే పండాలి అన్నారు. అక్కడితో ఆగితే బాగుండేది. షరతులు కూడా పెట్టారు. గోగు ఊరిన మురికి నీళ్ళు గెడ్డలోకి, అంటే ఊరి వాగులోకి, వదలకూడదట, విడిగా గుంట తవ్వుకోవాలట. నీళ్ళలో దిగేవాళ్ళకు రబ్బరు బూట్లు కంపెనీయే ఇస్తుందట. ప్రతి కట్టకూ చీటీ కట్టాలట, దాని మీద పొలం ఎవరిదో కాదు, నార తీసింది ఎవరో వాళ్ళ పేరుండాలట. ఆడకూలి పేరు రాసిన చీటీని ఆ ఊరు అంతకుముందు ఎన్నడూ చూసి ఎరగదు.

"మొదటి ఏడు మీ నార నచ్చితే వచ్చే ఏడు ఈ మండలమంతా వేయిస్తాం. నచ్చకపోతే ఇంకో చోటు చూసుకుంటాం," అని కంపెనీ ఉన్న మాట ఉన్నట్టు చెప్పేసింది.

ఊరు నరసింగరావు వైపు చూసింది. ఆయన తండ్రి గోగు ఊరబెట్టడంలో పేరున్నవాడు. నరసింగరావు మీసం సవరించుకుని, "ఎయ్యండర్రా, నానున్నాను కదా!" అన్నాడు. ఆ ఒక్క మాట మీద ఇరవై రెండు కుటుంబాలు కంపలు కొట్టించి గోగు చల్లాయి. మిరప వేద్దామనుకున్నవాళ్ళూ మానుకున్నారు, చెన్నై టిక్కెట్టు కొనుక్కున్నవాళ్ళూ ఆగిపోయారు.

పంట పూత మీదకొచ్చే వేళకు, ఊరబెట్టడం నేర్పుతాం రమ్మని కంపెనీవాళ్ళు విజయనగరం పిలిచారు. పిలుపు వచ్చింది నరసింగరావు పేరుకే. ఆయనకు తల కొట్టేసినట్టయింది.

"నాకు నేర్పుతారేటి? మా నాయిన ఊరబెట్టిన నారకి మిల్లోళ్ళు ఎదురొచ్చి బండి దించుకునీవోరు! తవిటమ్మా, నువ్వెల్లి రా. ఇడ్లీలు పెడతారు, తినేసి రా," అన్నాడు.

తవిటమ్మ వెళ్ళింది. ఇడ్లీలూ తింది, చెప్పిందీ వింది. తిరిగొచ్చి నలుగురూ ఉన్నప్పుడే చెప్పింది.

"బావా, కట్టల మీద మట్టి పెట్టొద్దన్నారు. అరటి బోదెలు కూడా వద్దంట. నార నల్లబడిపోతాదంట. రాళ్ళు పెట్టమన్నారు."

గోగు కట్టలు నీళ్ళలో తేలిపోతాయి. మునగాలంటే పైన బరువు పెట్టాలి. నరసింగరావు తండ్రీ, ఆయన తండ్రీ గుంటలో మట్టే పెళ్ళలుగా తీసి కట్టల మీద పెట్టి, దాని మీద అరటి బోదెలు పడేసేవారు. చేతికందే సరుకు, పైసా ఖర్చు లేదు. ఆ నారతో మిల్లువాళ్ళు ధాన్యం గోనెలు నేసేవారు. గోనె నల్లగా ఉందా ఎర్రగా ఉందా అని ఎవడు చూస్తాడు? ఆ సంగతి నరసింగరావుకు తట్టలేదు. తండ్రి చేసినదే ఆయనకు గుర్తుంది, ఎవరికోసం చేశాడో గుర్తులేదు.

"మా నాయిన కంటే వాళ్ళకెక్కువ తెలుసేటే?" అన్నాడు. ఊరు మట్టే పెట్టింది. తవిటమ్మ ఒక్కతే గుంటలో ఓ మూల తన పన్నెండు కట్టలు విడిగా వేసుకుని, నాలుగు రోజులు తిరిగి రాళ్ళు మోసుకొచ్చింది.

"తవిటమ్మ గోగు ఊరబెడతన్నాదా, గుడి కడతన్నాదా?" అంది కూర్మమ్మ. ఊళ్ళో నలుగురిని నవ్వించే పని ఎప్పుడూ కూర్మమ్మదే. తవిటమ్మ ఇంకో తట్టకు వెళ్ళింది. నడుం పట్టేసి మూడు రోజులు వంగలేకపోయిందని మాత్రం ఎవరికీ తెలియదు.

పద్దెనిమిదో రోజున నార తీశారు. ఉతికి వెదురు దండేల మీద ఆరేశారు. ఎండ పడేసరికి తవిటమ్మ నార కోసిన వరిగడ్డిలా పచ్చగా మెరిసింది. మిగతా ఇరవై ఒక్క కుటుంబాల నార, నరసింగరావుదీ కలిపి, పొయ్యి మసిగుడ్డ రంగులో వేలాడింది. మళ్ళీ ఉతికారు. కుంకుడురసం వేసి ఉతికారు. అది మసిగుడ్డ రంగే.

ఎవరూ ఆయన్ని తిట్టలేదు. అదే ఆయనకు కష్టమైంది. తిడితే తిరిగి తిట్టడం ఆయనకు బాగా వచ్చు. దండేల మధ్య నిలబడి ఇరవై ఒక్క ఇళ్ళ నారా ఓసారి చూశాడు. ఎల్లుండి నార చూడటానికి కంపెనీనుంచి ఒక అమ్మాయి వస్తుంది. చూసి వెళ్ళిపోతుంది, ఇంక రాదు. ఊరు మళ్ళీ ముళ్ళ కంపల్లోకి, చెన్నై రైల్లోకి పోతుంది. ఆయన మాట నమ్మినందుకు.

అప్పుడు ఆయనకు మిల్లు రోజుల ఉపాయం ఒకటి గుర్తొచ్చింది. మిల్లు గుమాస్తా కట్ట విప్పడు, పైపైన చెయ్యేసి చూస్తాడు. అందుకని లోపల ఏదున్నా పైన మాత్రం మంచి నార చుట్టి పంపేవారు. అందరూ చేసేదే కాబట్టి ఎవరూ దాన్ని మోసం అనుకోలేదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక తవిటమ్మ వాకిట్లోకి వెళ్ళి నిలబడ్డాడు. ఎప్పుడూ దర్జాగా అరుగెక్కి కూర్చునేవాడు ఆ రోజు కూర్చోలేదు.

"తవిటమ్మా, నీ నార కావాలి. కట్టల మీద పైపైన సుట్టడానికి."

ఆమె దండేల వైపు చూసింది. అది నాలుగు రోజులు రాళ్ళు మోసి తీసిన నార. దాని మీద తన పేరున్న చీటీ కట్టి, చినబాబు వచ్చినప్పుడు చూపిద్దామనుకుంది.

"నిజంగా ఊరి కోసమేనా బావా?" అంది.

"ఊరి కోసమే," అన్నాడు. సగం అబద్ధం. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"తీసుకెల్లు."

అంతే అంది. తిట్టినా అంత గుచ్చుకునేది కాదు.

రెండు రోజుల తర్వాత ఝాన్సీ వచ్చింది. ఆమదాలవలస దగ్గర రైతు ఇంటి పిల్ల, కంపెనీలో నార నాణ్యం చూసే ఉద్యోగం. జీపు దిగీ దిగగానే నార దగ్గరకు వెళ్ళలేదు, గుంట దగ్గరకు వెళ్ళింది. మురికి నీళ్ళు గెడ్డలోకి కారుతున్నాయేమో చుట్టూ తిరిగి చూసింది. ఆడవాళ్ళను పిలిచి, బూట్లు ఎలా ఉన్నాయని అడిగింది.

"బాగున్నాయమ్మా. ఒక్కో బూటులో నా కాళ్ళు రెండూ పడతన్నాయి," అంది కూర్మమ్మ. ఝాన్సీ నవ్వకుండా పుస్తకంలో రాసుకుంది. ఇంకెవరికి పెద్దవయ్యాయని అడిగి వాళ్ళ పేర్లూ రాసుకుంది.

తర్వాత కట్టల దగ్గరకొచ్చింది. చీటీల మీద పేర్లు చదివింది. పైన చెయ్యేసి పోగు లాగి చూసింది, వాసన చూసింది, ఎండకు పట్టి చూసింది. ముఖం విచ్చుకుంది.

"ఎంత బాగుందండీ! ఇంత మంచి రంగు నేనింకా ఏ ఊళ్ళోనూ చూడలేదు," అని కాగితం మీద సంతకం పెట్టేసింది.

ఊరు ఊపిరి పీల్చుకుంది. నరసింగరావు కూడా పీల్చుకోబోయాడు. అప్పుడు ఆ పిల్ల సంచిలోంచి ఫోను తీసింది.

"నరసింగరావు గారూ, ఇలా ఎండలోకి రండి. ఇంకో తొమ్మిది ఊళ్ళలో గోగు ఆలస్యంగా వేశారు. కొందరు ఇప్పుడే ఊరబెడుతున్నారు, కొందరు వచ్చే వారం. మేం చెబితే ఎవరూ వినరు. మీలాంటి పెద్ద రైతు వీడియోలో చెబితే అలాగే చేస్తారు. ఈ రంగు ఎలా వచ్చిందో చెప్పండి చాలు."

జీవితంలో ఆయన ఎన్నాళ్ళుగానో ఎదురుచూసిన క్షణం అది. తొమ్మిది ఊళ్ళు ఆయన మాట వినడానికి కూర్చున్నాయి. గొంతు సవరించుకున్నాడు.

"నాను నరసింగరావుని. మాది మెట్టవలస. గోగు కట్టలు నీళ్ళలో యేసినాక, వాటి మీద..."

ఆగిపోయాడు. మట్టి అంటే తొమ్మిది ఊళ్ళ నార మసిగుడ్డ అయిపోతుంది. రాళ్ళు అంటే, ఏ రాళ్ళు? ఆయన ఒక్క రాయి కూడా ఎత్తలేదు. ఎత్తిన మనిషిని చూసి నవ్వాడు. ఎదురుగా జనంలో తవిటమ్మ నేల చూపులు చూస్తూ నిలబడింది. అంత సిగ్గు ఆయన బతుకులో ఎన్నడూ పడలేదు.

"చెప్పండి మావా, వాటి మీద?" అంది ఝాన్సీ.

"ఫోనాపమ్మా," అన్నాడు. వెళ్ళి తన పేరున్న కట్టే తీసి, తాడు కోసి, ఆమె కాళ్ళ ముందు విప్పేశాడు. పైనున్న పచ్చటి పొర జారిపోయి లోపలి నల్లనార బయటపడింది.

ఝాన్సీ వంగి ఇంకో కట్ట విప్పింది. మరొకటి విప్పింది. నాలుగోదానికి ఆమె కంపెనీ భాష ఎగిరిపోయింది.

"ఏటి మావా ఇది? సంతకం ఎట్టేసినాను కదా నాను! నా ఉద్యోగం ఏటయిపోవాలి?"

"ఆయనొక్కడే కాదమ్మా, మేమందరం సుట్టినాం," అంది కూర్మమ్మ. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"సుట్టమన్నది నానే," అన్నాడు నరసింగరావు. "మట్టి ఎట్టమన్నదీ నానే. తవిటమ్మ మీ దగ్గర నేర్సుకొచ్చి రాళ్ళెట్టమని నెత్తీ నోరూ కొట్టుకుంది. నానే ఇన్లేదు. ఈ పైనున్న నారంతా తవిటమ్మది. ఊరోళ్ళది తప్పేటీ లేదు."

కూర్మమ్మ అంతటితో వదలలేదు. "బ్లీచింగు నీళ్ళలో ముంచితే తెల్లబడిపోదేటమ్మా?"

"ఆ నీళ్ళు ఎక్కడికెళ్తాయి పిన్నీ? మీ గెడ్డలోకే. ప్లాస్టిక్ మానేసి గెడ్డలో బ్లీచింగు పోయడానికా ఇదంతా?" అంది ఝాన్సీ. సంతకం పెట్టిన కాగితం రెండు ముక్కలు చేసి సంచిలో వేసుకుంది. జరిగింది జరిగినట్టు పైవాళ్ళకు చెబుతానని, ఏ మాటా ఇవ్వలేనని చెప్పి జీపెక్కింది.

అయిదు రోజులు ఏ కబురూ లేదు. ఆ అయిదు రోజులూ నరసింగరావు ఇల్లు కదిలితే ఒట్టు. ఆరోరోజు పొద్దున్నే జీపు చప్పుడైంది. చొక్కా గుండీలు కూడా పెట్టుకోకుండా పరిగెత్తాడు.

"కట్టలు విప్పి చూడకుండా సంతకం పెట్టినందుకు మా ఆఫీసర్ చంద్రమౌళి గారు నన్ను చెడామడా తిట్టారు," అంటూ మొదలుపెట్టింది ఝాన్సీ. "తిట్టడం అయ్యాక ఆలోచించారు. మా గోదాముల్లో ఉల్లిపాయలూ దుంపలూ ఇప్పటికీ ప్లాస్టిక్ వలల్లోనే వస్తున్నాయి. వాటికి గోనెలు నేయించాలని ఎప్పటినుంచో అనుకుంటున్నారు. గోనెకు రంగుతో పనిలేదు. నల్లనార అంతా వాటికి తీసుకుంటాం. సంచుల నారకు ఇచ్చే ధర మాత్రం రాదు. సంచులకు తవిటమ్మ గారి నారే వెళ్తుంది, ఆవిడ పేరు చీటీతోనే."

"మరి వొచ్చే ఏడు?" అని ఎవరో అడిగారు.

"వేస్తారా అని మిమ్మల్నే అడగమన్నారు. వేస్తే గుంట దగ్గర మాట తవిటమ్మ గారిది."

ఊళ్ళోవాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. కూర్మమ్మ తవిటమ్మ దగ్గరకెళ్ళి, "రాళ్ళ తట్ట ఇప్పుడే ఎత్తుకోవాలేటి?" అంది. తవిటమ్మ నవ్వింది.

ఆ రోజే వీడియో తీశారు. తవిటమ్మ గుంట గట్టున నిలబడి రాళ్ళు ఎలా పేర్చాలో చూపించింది. ఆమె పక్కన నరసింగరావు నల్లనార చేత్తో పట్టుకుని నిలబడి, "మట్టెడితే ఇదిగో, ఇలగయిపోతాది. నాను సేసిన తప్పు మీరు సెయ్యకండి," అన్నాడు. రెండోసారి తీయాల్సిన పని రాలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఆయనకు తెలియని నంబరునుంచి ఫోను వచ్చింది. ఆమదాలవలస అవతలి ఊరి మనిషి.

"ఈడియోలో నల్లనార సూపించింది మీరేనా బాబూ? మేమూ మట్టే ఎట్టినాం. మూడు రోజులయింది. మీది సూసి పొద్దున్నే ఊరందరం నీళ్ళలో దిగి మట్టంతా తీసేసినాం. పద్నాలుగిళ్ళ పంట. నార బతుకుతాదంటారా?"

నరసింగరావు ఫోను చెవినుంచి తీయకుండానే వీధి దాటి తవిటమ్మ వాకిట్లోకి పరిగెత్తాడు.

"మూడు రోజులంట తవిటమ్మా, బతుకుతాదేటి?"

తవిటమ్మ చేటలో బియ్యం పక్కన పెట్టి ఓ క్షణం ఆలోచించింది. "మూడు రోజులేనా? కట్టలు బాగా జాడించి రాళ్ళెట్టమను. బతుకుతాది."

"బతుకుతాదంట బాబూ!" అని అరిచాడు నరసింగరావు ఫోనులో. ఆయన కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, తుడుచుకోలేదు. "మా తవిటమ్మ సెప్పింది. ఉండండి, ఆవిడికే ఇస్తన్నాను."