చిన్న టీచరు

ఎనిమిదిన్నర స్టడీ అవరుకి సూర్యకళ వచ్చేసరికే సీ గ్రూపు పిల్లలు పదకొండుమంది వరండాలో గోడవారగా కూర్చుని ఉన్నారు. ఆమె సంచిలోంచి ఎర్ర పెన్ను తీసి లీడరు మెర్సీ చేతికిచ్చింది. మెర్సీ దాని మూత పళ్ళమధ్య కరిచిపట్టుకుని, మొదటి పుస్తకం తెరిచి ఎక్కాలు దిద్దడం మొదలుపెట్టింది. వెళ్ళబోతున్న టీచర్ని చూసి మూత నోట్లోంచి తీసింది.

"మేడంగారండి, నా నోట్సు ఈవేళైనా చూస్తారాండి?"

"చూస్తానే. ముందు వీళ్ళ సంగతి చూడు."

ఆ నోట్సు దసరా సెలవులకి ముందు ఇచ్చింది. ఇప్పుడు డిసెంబరు. స్టాఫ్ రూము బీరువాలో ఎక్కడో ఉంది.

జూన్‌లోనే సూర్యకళ తొమ్మిదో తరగతిని ఏ, బీ, సీ అని విడదీస్తుంది. సీ గ్రూపు గట్టెక్కితేనే మరుసటేడు పది ఫలితాల్లో స్కూలు పరువు నిలుస్తుంది. బీ గ్రూపుని తను చూసుకుంటుంది. ఏ గ్రూపుకి ఎవరూ అక్కర్లేదు. "వాళ్ళెలాగూ చదువుకుంటారండి" అని ప్రతి మీటింగులోనూ చెబుతుంది. అందులోంచి అందరికన్నా చురుకైన పిల్లని ఏరి, లీడర్ని చేసి, సీ గ్రూపుని అప్పగిస్తుంది. ముప్ఫయ్యొక్క ఏళ్ళుగా ఇదే పద్ధతి. తెలివైన పిల్లల్ని కనిపెట్టడంలో ఆవిడని మించినవాళ్ళు మండలంలోనే లేరని పేరు. కనిపెట్టి ఏం చేస్తుందని మాత్రం ఎవరూ అడగలేదు.

పోయిన నెల రాజమండ్రి నుంచి ఓ ప్రైవేటు స్కూలువాళ్ళు వచ్చి టాలెంట్ టెస్టు పెట్టారు. మెర్సీకి ఫీజు లేకుండా సీటు, హాస్టలు ఇస్తామన్నారు. వాళ్ళకి కావలసింది రేపు ఫ్లెక్సీ మీద వేసుకోవడానికి ఒక ఫొటో. ఆ సంగతి సూర్యకళకి తెలుసు. మెర్సీ తనని వదిలి వెళ్ళదనీ తెలుసనుకుంది.

యాభై ఎనిమిదేళ్ళ మనిషి. మోకాళ్ళు పట్టేసి, బల్ల ఆనుకునే పాఠం చెబుతుంది. చీర కుచ్చిళ్ళ నిండా సుద్దపొడి. మండపేటలో చదువుకునే రోజుల్లో తనూ లీడరే. ఏడో తరగతిలో మాస్టారు బెత్తం చేతికిచ్చి 'చిన్న టీచరు' అని పిలిస్తే ఇంటిల్లిపాదీ మురిసిపోయారు. తర్వాత ఎమ్మెస్సీ సీటొస్తే, పుట్టు టీచరువి నీకంత చదువెందుకని బీఈడీలో చేర్పించారు. ఆమె కూడా నిజమే కాబోలనుకుంది.

మధ్యాహ్నం స్టాఫ్ రూములో మెర్సీ సీ గ్రూపు స్లిప్ టెస్టు పేపర్లు దిద్దుతుండగా వాళ్ళ నాన్న ఆరోన్ వచ్చాడు. రైసుమిల్లులో బస్తాలు మోస్తాడు. భుజాల మీద ఇంకా తవుడు ఉంది. చేతిలో టీసీ కాయితం.

"క్లాసు టీచరుగారి సంతకం కావాలన్నారండి."

సూర్యకళ కాయితం చూసింది. నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "మరి సీ గ్రూపుని ఎవరు చూస్తారు?"

ఆరోన్‌కి అర్థం కాలేదు. నవ్వాలో వద్దో తెలియక తలపాగా సర్దుకున్నాడు. "ఆయ్, పిల్ల వెళ్ళనని నెల్లాళ్ళనుంచీ మొండికేసిందండి. పొద్దున్న కూడా, మిమ్మల్ని ఓసారడిగి చెప్తానంది. ఇందాక అన్నానికొచ్చి సరే అనేసిందండి."

"అక్కడ నా పుస్తకం కూడా దిద్దుతారంటండి" అంది మెర్సీ. ఆ గొంతులో కోపమేమీ లేదు. ఉంటే బాగుండునని సూర్యకళకి అనిపించింది.

సంతకం పెట్టింది. దిద్దిన పేపర్లు మెర్సీ వరసగా సర్ది, వాటిమీద పెన్ను పెట్టి, దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది. నోట్సు అడగలేదు.

స్కూలు వదిలాక సూర్యకళ బీరువా అంతా గాలించి దాన్ని పట్టుకుంది. మిల్లు కళ్ళంలో పోసిన వడ్ల రాశిలో ఎన్ని బస్తాలుంటాయో బస్తాలకెత్తకముందే చెప్పాలని మెర్సీ ప్రయత్నం. రాశి చుట్టూ తాడు పట్టి, శిఖరం నుంచి అంచుదాకా ఇంకో తాడు పరిచి, శంకువు సూత్రం వేసింది. పాఠం ఇంకా ఆ అధ్యాయందాకా వెళ్ళనేలేదు. ప్రతిసారీ లెక్కలో బస్తాలెక్కువ, లారీలో తక్కువ. నలభై పేజీలు. వేరే రాశి, వేరే తాడు, మళ్ళీ మొదటినుంచి. ఒకచోట, 'మేస్త్రీ దొంగతనం చేస్తున్నాడా?' అని రాసి కొట్టేసింది. ప్రతి పేజీ చివరా ఒకటే ప్రశ్న: 'ఎక్కడ తప్పు మేడం?'

తప్పు మూడో పేజీలో ఉంది. ఏటవాలుగా కొలిచినదాన్ని ఎత్తు అనుకుంది. ఎత్తు నిలువుగా కొలవాలి. రెండు నిమిషాల పని, ఒక్క వాక్యం. ఆ ఒక్క వాక్యం లేక ఆ పిల్ల నలభై పేజీలు ఒంటరిగా తిరిగింది. సూర్యకళకి తన మీద అసహ్యం వేసింది. ఇలాంటి నోట్సులు ఈ బీరువాలో ఎన్ని చెదలు పట్టిపోయాయో, తన సొంత నోట్సు ఏ బీరువాలో పోయిందో!

ఆ వాక్యం రాద్దామని పెన్ను అందుకుంది. చదవాల్సిన పిల్ల అప్పటికే రాజమండ్రి బస్సెక్కి ఉంటుంది.

అటెండరు తాళం వేయడానికొచ్చి దగ్గాడు. ఆమె మోకాళ్ళు పట్టుకుని లేచి, సంచి భుజాన వేసుకుని బయటికి నడిచింది. బల్లమీద మూడో పేజీ దగ్గర తెరిచిన నోట్సు, దానిమీద ఎర్ర పెన్ను, దాని మూతనిండా పంటిగాట్లు.