ఉపకులపతి గారి తరఫున

క్వాబెనా అంపోన్సా మాట్లాడడం మొదలుపెడితే గుడ్డు పెట్టబోయే కోడి కూడా కాసేపు ఆగి వింటుందని అసుతియా ఊళ్ళో చెప్పుకునేవారు. ఆ మాట ఎవరు పుట్టించారో గాని, ఊరంతా తిప్పింది మాత్రం అతనే. తన గురించి మంచి మాట చెవిన పడితే దాన్ని పదిమందికి చేరవేయడానికి అతనెప్పుడూ బద్ధకించలేదు.

ఆ నోరే అతన్ని అంతవాణ్ణి చేసింది. తండ్రి మిషను బడిలో పంతులు. కొడుకు కుమాసి పట్నం వెళ్ళి విద్యార్థి సంఘానికి నాయకుడయ్యాడు, తర్వాత కాలేజీలో చరిత్ర చెప్పాడు, ఆ పాఠాలు విన్న కుర్రాళ్ళే జెండాలు పట్టుకుని తిరిగి అతన్ని పార్లమెంటుకు పంపారు. విద్యాశాఖకు సహాయమంత్రి అయ్యాక, ప్రభుత్వం కొత్త విశ్వవిద్యాలయం కడతానంటే దాన్ని పట్టుబట్టి సొంత ఊరికి లాక్కొచ్చాడు. స్థలం కోసం ఊరి ఆడపెద్ద, రాణీమాత నానా అఫ్రియే ఎదుట ఒక పూటంతా మాట్లాడి, ఆవిడ వంశం వారి కొండవాలు మొత్తం ఇప్పించుకున్నాడు. ఆ తర్వాత ఎన్నికల్లో అతని పార్టీ మునిగింది. అతను మాత్రం బెండులా తేలి, తాను తెచ్చిన విశ్వవిద్యాలయానికే ఉపకులపతిగా వచ్చి కూర్చున్నాడు. కొండమీద బంగళా, నల్లకారు, ఎక్కడికి వెళ్ళినా "ప్రొఫ్, ప్రొఫ్" అంటూ లేచి నిలబడే జనం. కుర్చీ తన కోసమే చేశారని అతను నమ్మాడు. అతన్ని చూస్తే మనకూ అలాగే అనిపించేది, అబద్ధమెందుకు.

గొడవ గేటు దగ్గర మొదలైంది.

విశ్వవిద్యాలయం గేటు ముందు ఆడవాళ్ళు రేకుల నీడన కూర్చుని మొక్కజొన్న పిండితో ఉడికించిన కెంకె ముద్దలు, వేయించిన చేపలు, మిరపకాయ పచ్చడి అమ్మేవారు. పిల్లలు అక్కడ తినే పరీక్షలు పాసయ్యేవారు. వాళ్ళందరికీ పెద్ద దిక్కు దూఫియే. క్వాబెనా మొదటి ఎన్నికల్లో అతని బొమ్మ అచ్చేసిన బట్ట నడుముకు చుట్టుకుని, ప్రచారం వ్యాను ముందు ఊరూరా ఆడి పాడింది ఆవిడే. ఆమె గొంతు విని ఓటేసినవాళ్ళు అతని ఉపన్యాసాలు విని వేసినవాళ్ళకంటే ఎక్కువని గిట్టనివాళ్ళు అనేవారు. ఉపకులపతి గారికి గేటు మీద కమాను కావాలనిపించింది, కమాను కింద పచ్చిక కావాలనిపించింది. ఒక పొద్దున బుల్‌డోజరు వచ్చి రేకులన్నీ ఊడ్చేసింది.

ఆడవాళ్ళ కష్టం చెప్పుకోవలసింది రాణీమాత దగ్గర. వాళ్ళు వెళ్ళి చెప్పుకున్నారు. ఆవిడ తన మాటపెద్ద తానోను ఉపకులపతి దగ్గరికి పంపింది. రాణీమాత ఎవరితోనూ నేరుగా మాట్లాడదు, ఎవరూ ఆమెతో నేరుగా మాట్లాడరు. మాట ఎటు వెళ్ళినా మాటపెద్ద నోటిమీదుగా వెళ్ళాలి. ఆయన చేతిలోని బంగారు పిడి కర్ర గదిలోకి వచ్చిందంటే ఆవిడే వచ్చినట్టు.

ఇవన్నీ క్వాబెనాకు తెలియవా? కాలేజీలో పదేళ్ళు ఇదే పాఠం చెప్పాడు. కాని ఆ వేళ గదిలో విదేశీ అతిథులున్నారు, కాఫీలు చల్లారిపోతున్నాయి, ముసలాయన గొంతు సవరించుకోవడానికే చాలాసేపు తీసుకున్నాడు.

"పెద్దాయనా, నానాకి ఫోనుందిగా. నా నంబరూ ఉంది. నన్ను పిలవమనండి, నేరుగా మాట్లాడుకుంటాం. మధ్యలో ఈ కర్రెందుకు?" అన్నాడు క్వాబెనా.

గదిలో ఇద్దరు ముగ్గురు నవ్వారు. అతను నవ్వించాలని అనలేదు. పని త్వరగా తెమలాలనే అన్నాడు. తానో కర్ర తీసుకుని వెళ్ళిపోయాడు. సాయంత్రానికి ఊరంతా ఒకటే మాట: ఉపకులపతి కర్రను తిప్పి పంపాడట.

మర్నాడు ఆడవాళ్ళు నిరసనగా ఎర్రబట్టలు కట్టుకుని గేటుకు అడ్డంగా కూర్చున్నారు. విద్యార్థులు కూడా వచ్చి పక్కన కూర్చున్నారు, సగం న్యాయం కోసం, సగం ఆకలికి. పాఠాలు ఆగిపోయాయి. రేడియోలో అసుతియా పేరు వినబడింది. అప్పుడు పాలకమండలి అధ్యక్షుడు, పాత జడ్జి, క్వాబెనాను పిలిపించుకున్నాడు.

"శుక్రవారం మండలి కూర్చుంటుంది ప్రొఫ్. స్థలం ఇచ్చినావిడ నిన్ను క్షమించిందని కబురొస్తే నీ జోలికెవరూ రారు. రాలేదా, నిన్ను కాపాడ్డం నా వల్ల కాదు," అన్నాడాయన.

"అంతేనా? ఒక్క అరగంట చాలు నాకు," అన్నాడు క్వాబెనా. నిజంగానే చాలనుకున్నాడు. కొండవాలు ఇప్పించుకున్న నోటికి క్షమాపణ ఒక లెక్కా?

ఇంటికి వచ్చి మంచి బట్ట కట్టుకుని, ఆనవాయితీ ప్రకారం కానుకగా రెండు జిన్ను సీసాలు, బాగా మేసిన గొర్రెపోతు సిద్ధం చేయించాడు. భార్య సెర్వా గుమ్మంలో నిలబడి చూసింది.

"వెంట ఎవరొస్తున్నారు?"

"ఎవరెందుకు? తప్పు చేసింది నేను, అడిగేదీ నేనే. మగాడిలా వెళ్ళి అడుగుతా."

"క్షమించమని అడగడానికి ఎవరైనా ఒంటరిగా వెళ్తారా? నీ తరఫున తల వంచడానికి ఒక్క మనిషి దొరకలేదా అంటారు."

"నా తరఫున మాట్లాడ్డానికి నాకంటే బాగా మాట్లాడేవాడు ఈ ప్రాంతంలో ఉన్నాడా?"

"లేడు. నీకు వచ్చిన కష్టం అదే," అని ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

రాణీమాత ముంగిట్లో చెప్పులు విడిచి, భుజం మీది బట్ట నడుముకు జార్చి, క్వాబెనా మాట్లాడాడు. ఏం మాట్లాడాడని. కొండవాలు ఇచ్చిన చేతిని తలుచుకున్నాడు, చనిపోయిన తల్లిని తలుచుకున్నాడు, తన పొగరును తానే తిట్టుకున్నాడు. చివరి వరసలో కూర్చున్న ముసలమ్మలు బట్టకొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు. తన జీవితంలో ఇంత బాగా ఎప్పుడూ మాట్లాడలేదని మాట్లాడుతుండగానే అతనికి తెలిసింది. అది నిజం కూడా.

నానా అఫ్రియే తానో వైపు వంగింది.

"తానో, ఏదో గాలి వీస్తున్నట్టుంది. మన ముంగిట్లోకి ఎవరైనా వచ్చారా?"

తానో ముంగిలంతా తీరిగ్గా చూశాడు. క్వాబెనా మీదుగా కూడా చూశాడు.

"ఎవరూ రాలేదు నానా."

"వస్తే చెప్పు," అని ఆవిడ లేచింది. గొర్రెపోతుకు నీళ్ళు పెట్టి, సీసాలతో సహా కారు దగ్గరికి తిప్పి పంపారు. క్వాబెనాకు చెంపలు భగ్గుమన్నాయి. కారెక్కాక కూడా ఆ చల్లని గొంతే చెవుల్లో ఉంది.

అప్పుడు బయల్దేరాడు మనుషుల కోసం. తాను గౌరవ డాక్టరేటు ఇప్పించిన పాస్టరు గారికి సరిగ్గా ఆ వేళే జ్వరం వచ్చింది. తాను వేలు పట్టి నడిపించిన కొత్త పార్లమెంటు సభ్యుడు రాజధాని అక్రాలో పనుల్లో ఉన్నాడట. ఆయన కారు మాత్రం ఇంటి ముందే ఉంది. తన కింద పనిచేసే బెడియాకో రెండు చేతులూ పట్టుకుని, "నా గొంతు బాగాలేదు ప్రొఫ్, లేకపోతే నేను రానా?" అన్నాడు. క్వాబెనా దిగితే ఆ కుర్చీ ఎక్కేది బెడియాకోయే అని కాంటీనులో కుర్రాళ్ళకు కూడా తెలుసు. ఏరు దాటేదాకా ఓడమల్లయ్య, దాటాక బోడిమల్లయ్య.

అయినా అతను డీలాపడలేదు. ఇంటికి వచ్చి ఫూఫూ ముద్దలు తింటూ, "ఎవరో ఒకరు దొరుకుతారు," అన్నాడు.

"నానా కాదనలేని మనిషి ఈ ఊళ్ళో ఒక్కతే ఉంది. పేరు చెప్పించకు నా చేత," అంది సెర్వా.

క్వాబెనా ముద్ద మింగి, చెయ్యి కడుక్కుని చెప్పులు వేసుకున్నాడు.

దూఫియే పెరట్లో తొట్టి ముందు కూర్చుని పులిసిన మొక్కజొన్న పిండి పిసుకుతోంది. అతన్ని చూసి చేతులు ఆపలేదు.

"ఏం క్వాబెనా, బుల్‌డోజరు బయట పెట్టావా, లోపలికి కూడా తెచ్చావా?"

"నీతో పనుండి వచ్చా దూఫియే."

"ఎలక్షన్లు లేవుగా ఇప్పుడు."

అతను పిండితొట్టి పక్కన బోర్లించిన బకెట్టు మీద కూర్చున్నాడు. జరిగింది చెప్పాడు. రాణీమాత ముంగిట్లో తనెవరికీ కనబడలేదని చెప్పేటప్పుడు మాత్రం అతని గొంతు తగ్గింది. దూఫియే నవ్వింది, ముసుగులేని నవ్వు, పిండి చేతులతోనే.

"ఊళ్ళో మగాళ్ళంతా చచ్చారా, నా దగ్గరికొచ్చావ్?"

"చావలేదు. జ్వరాలొచ్చాయి."

ఈసారి ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వులో పాత వ్యాను, పాత దుమ్ము ఉన్నాయి. నవ్వు ఆగాక ఆమె అడిగింది.

"నేనొచ్చి ఏం అడగాలి? క్షమాపణా, కుర్చీనా?"

"రెండూ ఒకటేగా."

ఆమె తొట్టి పక్కకు జరిపింది. చేతులు కడుక్కుంది.

"వస్తా. కాని అక్కడ నువ్వు నోరు మెదపకూడదు. నీ తరఫున నేను నోరు తెరిచాక నా నోట్లోంచి ఏదొస్తే అదే నీ మాట. మధ్యలో అడ్డమొచ్చావంటే నా పరువు పోతుంది, ఇంకెవ్వరూ నీకోసం ఏ గుమ్మం తొక్కరు. సమ్మతమేనా?"

"సమ్మతమే," అన్నాడు క్వాబెనా హుషారుగా. గేటు ముందు స్థలం వాళ్ళకు తిరిగి ఇచ్చేస్తే దూఫియే తనకోసం ఆకాశం దించుతుందని అతని ధీమా. వస్తూ వస్తూ దారిలో కమాను ఎక్కడికి జరపాలో కూడా ఆలోచించుకున్నాడు.

గురువారం పొద్దున దూఫియే ఒక్కతే రాలేదు. గేటు ముందు కూర్చున్న ఆడవాళ్ళందరినీ వెంటబెట్టుకొచ్చింది. ఎర్రబట్టలు విప్పేసి, మామూలు బట్టలు కట్టుకుని, వరసగా రాణీమాత ముంగిట్లోకి నడిచి మోకాళ్ళ మీద కూర్చున్నారు. వాళ్ళ వెనక క్వాబెనా, చెప్పుల్లేకుండా. ఈసారి తానో కర్ర నేలకు తాటించి, "మనుషులొచ్చారు నానా," అన్నాడు.

దూఫియే పొగడ్తతో మొదలుపెట్టలేదు.

"మాటపెద్దా, నానాకి విన్నవించు. మేం తీసుకొచ్చిన ఈ మనిషికి దేవుడు నోరొకటే ఇచ్చాడు, చెవులివ్వడం మర్చిపోయాడు. మా రేకులు పీకించాడు. మా కడుపు కొట్టాడు. నానా పంపిన కర్రని ఇంటికి పొమ్మన్నాడు. మేం అబద్ధమాడ్డానికి రాలేదు."

తానో ఒక్కో మాటా రాణీమాత వైపు తిప్పి చెప్పాడు.

"కాని నా కూతురు ఆ గేటు లోపల నర్సు చదువుతోంది. ఆ గేటే లేకపోతే అది ఈపాటికి నా పక్కన కూర్చుని చేపలు వేయించేది. బయట తల్లిని తరిమింది ఇతనే, లోపల కూతురికి చదువిచ్చింది ఇతనే. రెండూ నిజమే. ఇతను మనవాడు. మనవాడు బురదలో పడితే మనమే లాగి కడుక్కోవాలి. అందుకొచ్చాం. క్షమించండి."

ఆమె నుదురు నేలకు ఆనించింది. వెనకవాళ్ళంతా ఆనించారు. క్వాబెనా కూడా వంగాడు. తన కోసం ఇంతమంది లేచి నిలబడడం చూశాడు గాని, వంగడం అతనెప్పుడూ చూడలేదు. కళ్ళు చెమ్మగిల్లాయి, సిగ్గుపడలేదు.

రాణీమాత ఏదో అంది. తానో దూఫియే వైపు తిరిగాడు.

"నానా విన్నారు. అతను అడిగేదేంటో తేల్చి చెప్పమంటున్నారు."

"క్షమాపణ అడుగుతున్నాడు. అదొక్కటే," అంది దూఫియే. "కుర్చీ అడగడం లేదు. రేపు మండలి కూర్చునేలోగా తనే దిగిపోతాడు."

క్వాబెనా తల చటుక్కున లేచింది.

నోటినిండా మాటలు వచ్చి నిలబడ్డాయి. మూడు వాక్యాలు చాలు. మొదటిది నవ్వు తెప్పిస్తుంది, రెండోది జాలి, మూడోదానితో ముంగిలంతా తనవైపు తిరుగుతుంది. అతనికి ఆ మూడూ తెలుసు, ఏది ఎక్కడ ఆపి చెప్పాలో కూడా తెలుసు. ఇన్నేళ్ళ కష్టం, కొండమీద తన చేత్తో వేసిన పునాదిరాయి, ఈవిడ నోట ఒక్క ముక్కలో పోతుంటే చూస్తూ కూర్చోవాలా?  దూఫియే మీద పట్టరానంత కోపం వచ్చింది.

తానో అతని వంక చూడనేలేదు. దూఫియేనే అడిగాడు.

"ఇది అతని మాటేనా?"

 ఆడవాళ్ళు ఇంకా నుదుళ్ళు నేలమీదే ఉంచారు. వాళ్ళలో ఒక ముసలామెకు మోకాళ్ళ నొప్పి కాబోలు, రెండు చేతులూ నేలకు ఊతం చేసుకుని వణుకుతోంది. బుల్‌డోజరు కింద పడినవాటిలో ఆమె రేకులు కూడా ఉన్నాయి. తనొక్క మాటంటే వీళ్ళు ఇప్పుడు ఆ మట్టి తుడుచుకుని, అబద్ధం చెప్పినవాళ్ళలా ఊళ్ళోంచి నడుచుకుంటూ వెళ్ళాలి. కొండమీద బంగళా గుర్తొచ్చింది, దానితోపాటు ఆ బంగళాకు రోజూ వచ్చిపోయే మనుషులూ గుర్తొచ్చారు. వాళ్ళలో ఒక్కడికి కూడా మోకాళ్ళ మీద మట్టి లేదు.

దూఫియే వెనక్కి తిరిగి అతని కళ్ళలోకి చూసింది. ఆమె భయపడుతోందని అప్పుడు తెలిసింది అతనికి.

"ఏం చెప్పమంటావ్?" అంది, అతనికి మాత్రమే వినబడేలా.

క్వాబెనా ఆమె చెవి దగ్గరికి వంగాడు.

"నా మాటేనని చెప్పు," అన్నాడు.