బాయి మీది పేరు

నాకు రెండు పేర్లున్నాయి. అమ్మ పెట్టింది రాయమల్లు. బొగ్గుబాయి మస్టరులో రోజూ హాజరు పడేది ఎల్లేశం అని. అసలు ఎల్లేశం మా పెద్దనాన్న కొడుకు. ముప్ఫై ఏళ్ల కిందట ఉద్యోగం వచ్చింది అతనికే. మూడు రోజులు బాయి దిగాడు. నాలుగో రోజు పైకప్పు నుంచి పెళ్ల ఊడిపడిన చప్పుడు విని ఊరికి పారిపోయి వచ్చాడు. దొరికిన కొలువు ఎందుకు పోగొట్టుకోవాలని ఇంట్లో వాళ్లు అతని కాగితాలు నా చేతిలో పెట్టి పంపారు. అప్పట్లో అలా వచ్చినవాళ్లు మా షిఫ్టులో ఎందరున్నారో ఎవరికీ తెలియదు, ఎవరూ చెప్పుకోరు కాబట్టి. కాగితాల ప్రకారం నాకిప్పుడు యాభై ఏడు. అమ్మ లెక్కన యాభై మూడు.

బాయిలో బొగ్గు టబ్బులు లాగే హాలర్ నడుపుతాను. తీరిక దొరికితే పిల్లల కథలు రాస్తాను. రెండు పుస్తకాలు వేశాను. వాటి మీద మాత్రం రాయమల్లు అనే వేయించుకున్నాను, ఫొటో లేకుండా. రెస్టు రోజున దూరపు ఊళ్ల బడులకు పోయి పిల్లలతో మాట్లాడి వస్తుంటాను. పుస్తకాల మీద ప్రేమ అని అందరికీ చెబుతాను గానీ అది సగం మాట. అక్కడ నన్ను రాయమల్లుగారూ అని పిలుస్తారు. ఆ పిలుపు వినడానికి మంథని దాకా బస్సులో నిలబడి పోయిన రోజులున్నాయి.

బాయి ఉన్న గోదావరిఖనిలో మాత్రం ఏ బడి గడపా తొక్కలేదు. ఈ సంగతి జరిగేనాటికి సకల జనుల సమ్మె విరమించి ఇంకా నెల కాలేదు. ఆ సమ్మెకు ముందే ఎవరో ఆకాశరామన్న ఉత్తరం రాస్తే, మారుపేరు మీద పని చేస్తున్నాడని మా షిఫ్టులోని బుచ్చన్నను ఇంటికి పంపేశారు. నా భార్య సారక్కకు గుండె జబ్బు. కంపెనీ దవాఖాన మందులతోనే ఆమె తిరుగుతోంది. నా కొలువు పోయిన రోజు ఆమె మందుల చీటీ కూడా చెల్లదు.

ఇంత తెలిసీ, నవంబరు పద్నాలుగున గోదావరిఖని చివర ఉన్న ఒక ప్రైవేటు బడికి వస్తానని ఒప్పుకున్నాను. బుద్ధి గడ్డి తిన్నది. హెడ్‌మిస్ట్రెస్ రాజకుమారి మేడం ఫోన్లో "అందరు చుట్టుపక్కల ఊర్ల పిల్లలే సార్" అంటే నమ్మాను. నమ్మాలని ఉంది కాబట్టి నమ్మాను.

"పోకు. నాకెందుకో మనసొప్పుతలేదు," అంది సారక్క, అంగీ ఇస్త్రీ చేసి ఇస్తూనే.

"చిన్నపిల్లల బడి. నన్నెవలు గుర్తు వడ్తరు?" అన్నాను.

గేటు మీద ఫ్లెక్సీ కట్టారు. 'ప్రముఖ బాలల రచయిత శ్రీ రాయమల్లు' అని మూరెడేసి అక్షరాలు. జన్మలో మొదటిసారి నా పేరు అంత పెద్దగా చూసుకుని ఉబ్బిపోయాను. ఆ కింద రెండో వరుస చదివి గేటు దగ్గరే ఆగిపోయాను. ముఖ్య అతిథి శ్రీ వీరేందర్, పర్సనెల్ ఆఫీసర్. మా బాయి ఆఫీసరే. నా సర్వీసు ఫైలు ఉన్న బీరువా తాళాలు ఆయన దగ్గరే ఉంటాయి. వెనక్కి తిరిగేలోగా మేడం దండ పట్టుకుని ఎదురొచ్చింది.

వేదిక మీద ఆయన పక్కనే నా కుర్చీ. ఆయన మా బాయికి వచ్చి ఏడాదిన్నర. పదిహేను వందల మందిలో, బొగ్గు మసి పూసుకున్న నా మొహం ఆయనకేం గుర్తుంటుందిలే అని గుండెను బుజ్జగించుకున్నాను.

"మిమ్మల్ని ఎక్కడ్నో చూసినట్టున్నది," అన్నాడాయన.

"పేపర్ల చూసుంటరు సార్." ఏ పేపర్లోనూ నా ఫొటో రాలేదు.

"ఏం చేస్తుంటరు?"

"వ్యవసాయం సార్."

ఆయన నా చేతుల వైపు చూశాడు. బొగ్గు తగిలి మానిన గాయాలు నీలంగానే ఉండిపోతాయి, ఏ సబ్బుకూ పోవు. అప్పుడే కప్పిన శాలువా కిందికి చేతులు లాక్కున్నాను.

అంతలో మూడో వరుసలో నాజియా కనిపించింది. నాతో ఇరవై రెండేళ్లుగా ఒకే షిఫ్టు చేస్తున్న మహబూబ్ కూతురు, ఏడో తరగతి. రంజాన్‌కు నేను వాళ్లింటికి పోతే షీర్ ఖుర్మా గిన్నె తెచ్చి "ఎల్లేశం కాకా, తీస్కో" అనే పిల్ల. నన్ను చూసింది. నా వెనక బ్యానర్ మీది పేరు చూసింది. మళ్లీ నన్ను చూసింది. ఇప్పుడే కాకా అని అరుస్తుందని గుడ్లు మిటకరించి కూర్చున్నాను. అరవలేదు.

మైకు ముందు నిలబడ్డాను. ఏం మాట్లాడాలో తోచక, ప్రతి బడిలో చెప్పే మాటలే చెప్పాను. మీ ఇంట్లో సంగతులే రాయండి, ఉన్నది ఉన్నట్టు రాయండి, దాచిపెడితే కథ బతకదు అన్నాను. చప్పట్లు కొట్టారు. ప్రశ్నలుంటే అడగండని మేడం అనగానే నాజియా చెయ్యి లేచింది.

"ఎవలకు చెప్పొద్దని ఇంట్ల చెప్పిన ముచ్చట గూడ రాయాల్నా?"

సార్ అనలేదు, కాకా అనలేదు. హాలంతా నవ్వింది. వీరేందర్ సారే ఎక్కువ నవ్వాడు.

"అది... పెద్దయినంక రాయొచ్చు బిడ్డా," అన్నాను. ఆ పిల్ల కూర్చుంది.

వ్యాసరచనలో గెలిచిన అయిదుగురికి నా పుస్తకాలు బహుమతి. సంతకం చేసి ఇవ్వమన్నారు. ఆఫీసరు సారు నా భుజం పక్కనే నిలబడ్డాడు. మొదటి బహుమతి నాజియాకే. 'నాజియాకు దీవెనలతో' అని రాసి కింద సంతకం పెట్టాను. పెన్ను ఎత్తాక చూసుకున్నాను. ఎల్లేశం. ముప్ఫై ఏళ్లు రిజిస్టర్లలో పెట్టిన చెయ్యి, నన్ను అడగకుండానే పెట్టేసింది. కొట్టేద్దామంటే ఆయన నీడ ఆ పేజీ మీదే ఉంది. సారక్క మందుల చీటీ కళ్ల ముందు కదిలింది.

నాజియా చదివింది. పుస్తకం మూసి గుండెకు అదుముకుంది.

"ఏం రాసిన్రో చూడనీ," అని ఆయన చెయ్యి చాపాడు.

"ఇంక ఆరలే సార్. అంటుకుంటది," అంది నాజియా.

నా చేతిలో ఉన్నది బాల్ పెన్ను. ఆయన ఆ పెన్ను చూశాడు, నన్ను చూశాడు. "ఈయన నీకు ఎరుకేనా?" అని పిల్లను అడిగాడు.

"తెల్వది సార్. గిప్పుడే చూస్తున్న."

రెప్ప కూడా వెయ్యలేదు. మా షిఫ్టులో ముదుర్లు కూడా అంత నిబ్బరంగా అబద్ధమాడలేరు. ఆయన నవ్వి పక్కకు జరిగాడు. మిగతా నాలుగు పుస్తకాల మీద ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ, ఒకటో తరగతి పిల్లాడిలా నా పేరు రాశాను.

ఆఫీసరు జీపు వెళ్లిపోయాక నీళ్ల నల్లా దగ్గర మొహం కడుక్కుంటుంటే నాజియా వచ్చింది.

"కాకా, గీ పేజీ చింపి ఇంకోటి రాసియ్యి."

చింపి జేబులో పెట్టుకున్నాను. తర్వాతి పేజీలో రాయమల్లు అని రాసిచ్చాను.

"అంత ధైర్యంగ ఎట్ల చెప్పినవ్ బిడ్డా?"

"చిన్నప్పుడే మా అమ్మీ నేర్పింది. ఎవలడిగినా గట్లనే చెప్పాలె." చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "నువ్వు ఫికర్ చెయ్యకు కాకా. మా అబ్బాకు గూడ రెండు పేర్లున్నయ్. మహబూబ్ అసలు పేరు గాదు. అసలు పేరు..."

గబుక్కున ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టాను. "చెప్పకు. నాకు గూడ చెప్పకు."

ఇరవై రెండేళ్లు ఒకే టిఫిన్‌లో తిన్నాం. నాకు తెలియదు. హాల్లో ఆ పిల్ల ఎవరి గురించి అడిగిందో అప్పుడు అర్థమైంది. ఆమె ఆ ముచ్చట రాయాలనుకుంది. పదిహేను బడులు తిరిగి పిల్లలను నోరు విప్పమని చెప్పాను. నిజంగా విప్పబోయిన ఒక్క పిల్ల నోరు నేనే మూశాను.

నాజియా సరేనని తలూపి, పుస్తకం సంచిలో పెట్టుకుని బస్సెక్కింది. నోరు మూసుకోవడం ఆ పిల్లకు అలవాటే.