పుంజీల లెక్క

నా కూతురు నాగులమ్మకు లెక్క నేర్పింది మా అత్త. నాలుగు నిమ్మకాయలు ఒక పుంజీ అని ఎంచి ఆమె గంపకెత్తుతుంటే చూసి, ఏ లెక్కయినా పిల్ల అట్లే చేస్తాది. చిన్నప్పుడు నేనూ అంతే. మూడో తరగతిలో పంతులు "ఇది బడా, సంతా?" అని అందరి ముందర నవ్వినాడు. మర్నాటి నుంచి నేను బడికి పోలేదు.

అందుకే, ట్రైనింగులో ఉండే పంతులమ్మ ఆత్మకూరు నుంచి మా ఉదయగిరి బడికి వస్తాదని తెలిసి, పొద్దున్నే పిల్లను బెదిరించినాను. "పుంజీల మాట ఎత్తినావంటే వీపు పగలగొడతా. జవాబు మటుకు చెప్పు."

ఆ పంతులమ్మ పేరు కరీమున్నీసా. నాకంటే చిన్నది.

"తొమ్మిదీ ఏడూ ఎంతమ్మా?"

"పదహారు" అనింది నాగులమ్మ టక్కున.

"ఎట్లా చేసినావు?"

పిల్ల బడి వాకిట్లో నిలబడిన నా వైపు చూసి, "తెలీదు" అనింది.

"భయపడబాక. పిల్లోళ్లు లెక్క ఎట్లా చేస్తారో తెలుసుకొని రమ్మనే మా మాస్టరు పంపించినాడు."

నాగులమ్మ తల వంచుకునింది.

"పక్కదాని పలక చూసిందక్కా!" అని వెనక నుంచి ఒక పిల్ల అరిచింది. అందరూ నవ్వినారు.

తొమ్మిదంటే రెండు పుంజీల ఒకటి, ఏడంటే ఒక పుంజీ మూడు. ఒకటీ మూడూ కలిస్తే ఇంకో పుంజీ, మొత్తం నాలుగు పుంజీలు. పిల్ల అట్లే చేసిందని నాకు తెలుసు, అయినా వాకిలి దాటి లోపలికి పోలేదు. కరీమున్నీసా నిట్టూర్చి, నోటుబుక్కు మూసి, బస్సుకు టైమయిందని లేచింది.

ఇంటికి వస్తా పిల్ల అడిగింది. "మా, నేను చెప్పుంటే ఆయమ్మ నవ్వేదా?"

"లేదే" అన్నాను. "నేర్చుకొని పొయ్యేది."