రెండో సీటు

నా రాతలో తప్పులుంటే మన్నించండి. అక్షరాలు ముసలితనంలో నేర్చుకున్నాను, ఒక్కో పంక్తికి చాలాసేపు పడుతుంది.

మహబూబాబాద్ లారీ షెడ్డులో మెకానిక్ భద్రయ్య. 1984లో ఒక మోటారు పత్రిక పెట్టిన పోటీకి అతను కాగితం మీద రేసు కారు గీశాడు. పత్రిక వాళ్లు సలహాలు రాసి బొమ్మ తిప్పి పంపేవారు. అతను ఇంజను మార్చి, బరువు తగ్గించి, మళ్లీ గీసేవాడు.

“కాగితం కారుకు డీజిల్ ఎవలు పోస్తరు?” అని భార్య సోమక్క ఎగతాళి చేసేది.

“నువ్వే పొయ్యాలె. జర పేరు అచ్చుల పడనియ్యి,” అనేవాడు.

ఆ ఎండాకాలం జాకీ జారి లారీ తన మీద పడటంతో భద్రయ్య పోయాడు. దినాలైన మరునాడు పత్రిక నుంచి ఉత్తరంతో పాటు బొమ్మ తిరిగి వచ్చింది. పక్కింటి ఊర్మిళ చదివి పెట్టింది.

“కారు మంచిగున్నదట సోమక్కా. రెండో సీటు బరువట. అది తీసేసి పంపితే అచ్చేస్తరట.”

“రేసు కారుకు గా సీటెందుకు పెట్టిండు?”

ఊర్మిళ బొమ్మ మీద వేలు పెట్టింది. “గిది నీకేనే. నీ పేరు రాసిండు.”

ఎన్నిసార్లో ఆ కాగితాన్ని దులిపి దాచిన సోమక్కకు ఆ సంగతి తెలియదు. భర్త పేరు అచ్చులో పడాలంటే వేరే దారి లేదు. రబ్బరు అడిగి తీసుకుని తనే తుడిచింది. గట్టిగా ఒత్తి రాసిన పేరు, తొందరగా పోలేదు.

నెలకు పత్రిక వచ్చింది. భద్రయ్య పేరు ఎక్కడుందో అడిగి, దాన్ని వేలితో తడిమింది.

“ఒక్కడే పోయిండు,” అంది.

లక్ష్మీనర్సమ్మ, అప్పట్లో సోమక్క వాళ్ల ఎదురింట్లో ఉండేదాన్ని, అరవై మూడేళ్లు, ఇప్పుడు ఉండేది గూడూరు.