ఒకటి తక్కువ

మా ఆడపడుచుకి మనుషుల్ని లెక్కపెట్టే పిచ్చి. గదిలో అడుగు పెట్టిందంటే చాలు, ఎంతమంది ఉన్నారో కళ్ళతోనే లెక్కేసేస్తుంది. ఇవాళ్టి పిచ్చి కాదిది. నా పెళ్ళినాడు మగపెళ్ళివాళ్ళ బస్సు దారిలో టీకొట్టు దగ్గర ఆగి మళ్ళీ కదిలిందట. పదిహేనేళ్ళ పిల్ల, లేచి నిలబడి "ఒకరు తక్కువ, ఆపండి!" అని అరిచిందట. "నోర్మూసుకుని కూర్చోవే, అందరూ ఉన్నారు" అని పెద్దవాళ్ళు కసిరారట. తీరా చూస్తే తక్కువైంది పెళ్ళికొడుకే. రెండో టీ తాగుతూ రోడ్డు మీద నిలబడిపోయాడు మహానుభావుడు. ఆ పిల్ల అరవకపోతే నా పెళ్ళి ఆ పూటకి ఆగిపోయేది. ఆగిపోయినా బాగుండేదే అనుకున్న రోజులు లేకపోలేదు, అది వేరే సంగతి.

పిల్ల పెద్దదై బస్సు కండక్టరయింది. పదహారేళ్ళు ఒకే రూటు. ఆ రూటులో తిరిగే జనమే పట్టుబట్టి ఎన్నికల్లో నిలబెట్టారు, ఏ పార్టీ జెండా లేకుండానే గెలిపించి అసెంబ్లీకి పంపారు. అక్కడ ఆవిణ్ణి అందరూ కండక్టరమ్మ అంటారు. ప్రేమతో పెట్టిన పేరనుకునేరు, కాదు. ముందు వరసలో ఒక పెద్దాయన ఉన్నాడు, ఏడుసార్లు గెలిచినవాడు. మోకాళ్ళు అరిగిపోయి లేవలేడు, స్పీకరు గారి అనుమతితో కూర్చునే మాట్లాడతాడు. కాళ్ళు ఆడకపోయినా నోరు మాత్రం భేషుగ్గా ఆడుతుంది. మా పిల్ల మాట్లాడ్డానికి లేచిందంటే చాలు, "కండక్టరమ్మా, రైట్ రైట్!" అంటాడు. సభంతా ఘొల్లుమంటుంది. టీవీలో చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండిపోయేది. ఆవిడ మాత్రం చిన్న నవ్వు నవ్వేసి కాగితం తిప్పేది.

ఇక నా సంగతి. నేను బట్టల కొట్లో పనిచేస్తాను, ఇరవై మూడేళ్ళుగా. కొనడానికొచ్చేవాళ్ళకి మెత్తటి సోఫాలు, షావుకారుకి గిర్రున తిరిగే కుర్చీ, మాకు గచ్చు. పొద్దున తొమ్మిదింటికి బల్ల వెనక నిలబడితే మధ్యాహ్నం తిండికి పావుగంట, మళ్ళీ చీకటిపడేదాకా నిలబడ్డమే. బేరం లేనప్పుడు కూడా కూర్చోకూడదు. కూర్చుంటే కొట్టు వెలవెలబోతున్నట్టు కనిపిస్తుందట. పిక్కల మీద నరాలు తాళ్ళలా ఉబ్బిపోయాయి. ఒకరోజు సాయంత్రం నేను వేడినీళ్ళ బకెట్లో కాళ్ళు పెట్టుకుని ఉండగా మా ఆడపడుచు వచ్చింది. చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఎప్పట్నించి వదినా ఇలా?"

"నువ్వు ఎమ్మెల్యే కాకముందు నుంచే. ఓట్లడగడానికి వచ్చినప్పుడు మొహాలే చూశావు, కాళ్ళెవరు చూస్తారు?"

నోరు జారానేమో అనిపించింది. ఆవిడ మాత్రం కోప్పడలేదు. కింద చతికిలపడి నా కాళ్ళకేసి చాలాసేపు చూసింది. మరుసటి వారం సమావేశాలు మొదలవుతూనే ఒక బిల్లు పెట్టింది. కొట్లలో పనిచేసే ప్రతి మనిషికీ కూర్చోడానికి పీట ఉండాలి. అంతే బిల్లు.

ఇంత చిన్న బిల్లుకి ఎంత చాకిరీ ఉంటుందో అప్పుడు తెలిసింది నాకు. సమావేశాలు మూడు వారాలు. అసెంబ్లీ మా ఇంటికి దగ్గర, అందుకని మా ఇంట్లోనే మకాం. తెల్లారేసరికి వంటింటి బల్ల నిండా ఆవిడ కాగితాలే. ఉప్పుడబ్బా కావాలంటే ప్రశ్నోత్తరాల కట్ట పక్కకి జరపాలి. ఒకరోజు బిల్లుని పరిశీలించే కమిటీ నుంచి మొహం వేలాడేసుకుని వచ్చింది. పీటలు వేస్తే కొట్లో నడిచే దారికి అడ్డమవుతాయని వర్తక సంఘం అధ్యక్షుడు అభ్యంతరం చెప్పాడట. ఆ అధ్యక్షుడు మరెవరో కాదు, మా షావుకారే!

"దారికి అడ్డమా? బల్ల కిందికి తోసేస్తే సరి" అన్నాను. మర్నాడు టేపుతో కొలిచి చెప్పాను, బల్ల కింద ఇరవై అంగుళాల ఖాళీ ఉంది. ఆవిడ కమిటీలో అదే మాట చెప్పింది. ఎవరు కొలిచారని అడిగితే "మా వదిన. ఇరవై మూడేళ్ళుగా కొలవడమే ఆవిడ పని" అందట. ఆ మాట విని ఆ రోజు కూర రెండుసార్లు మాడ్చాను.

సమావేశాలు ముగియడానికి రెండు రోజుల ముందు బిల్లు కొత్త కాపీ తెచ్చి చూపించింది. కళ్ళజోడు పెట్టుకుని చదివాను. 'ప్రతి ఉద్యోగికీ, వీలైన చోట, ఆసనం ఏర్పాటు చేయాలి.'

"ఈ 'వీలైన చోట' ఎక్కణ్ణించి ఊడిపడింది?"

"మంత్రిగారు పెట్టించారు. ఆ రెండు ముక్కలకి ఒప్పుకుంటే బిల్లు గొడవ లేకుండా గట్టెక్కుతుందన్నారు."

"మా షావుకారుకి వీలెప్పుడుంటుందమ్మా? నా కూతురికి జ్వరమొస్తే సెలవివ్వడం వీలు కాలేదు. మా అమ్మ పోతే మూడోరోజే రమ్మన్నాడు, ఆగడం వీలు కాదన్నాడు. ఆ రెండు ముక్కలుంటే నీ చట్టం నాకు పీట ఇవ్వదు, పీట ఇవ్వకపోవడానికి వాడికి సాకు ఇస్తుంది. ఇంతోటి దానికి మూడు వారాలు నా వంటిల్లు ఆక్రమించావా?"

ఆవిడ పెన్ను తీసి ఆ రెండు ముక్కలూ కొట్టేసింది. వాటిని తీసెయ్యాలని సభలో సవరణ పెట్టింది. మంత్రికి ధీమా ఎక్కువ, పార్టీ కట్టడి ఏమీ లేదు, ఎవరి మనసుకి నచ్చినట్టు వాళ్ళు ఓటేసుకోవచ్చు అన్నాడు. అంటే ఇక మిగిలింది ఆఖరి రోజున ఒకే ఒక్క ఓటింగు. ఆ రెండు ముక్కలు పోతే నాకు పీట వస్తుంది. ఉంటే రాదు.

ఆ రోజు కొట్టుకి జ్వరమని కబురు పెట్టి అసెంబ్లీకి వెళ్ళాను. ప్రేక్షకుల గ్యాలరీ పైన ఉంటుంది. చప్పట్లు కొట్టకూడదు, మాట్లాడకూడదు అని వాకిట్లోనే కాపలావాడు పాఠం చెప్పాడు. బుద్ధిగా వెళ్ళి కూర్చుని చూద్దును కదా, ముందు వరసలో షావుకారు! చేత్తో సగం మొహం కప్పుకుని కూర్చున్నాను.

మా ఆడపడుచు లేచింది. "రైట్ రైట్!" అన్నాడు పెద్దాయన, అలవాటు ప్రకారం. సభ నవ్వింది.

"అధ్యక్షా, మన సభలో అందరికీ కుర్చీలున్నాయి. వీలైన చోట వెయ్యలేదు, ప్రతి మనిషికీ వేశారు. అదే మాట చట్టంలోనూ ఉండాలంటున్నాను" అని చెప్పి కూర్చుంది. అంతే మాట్లాడింది. ఇంకో నాలుగు ముక్కలు దులిపెయ్యకూడదూ అనిపించింది నాకు.

స్పీకరు గారు సవరణకి ఒప్పుకునేవాళ్ళు అవుననండి అన్నాడు. ఏదో గొణుగుడులా వినిపించింది. కాదనేవాళ్ళు కాదనండి అన్నాడు. గొంతులు చించుకుని అరిచారు. "సవరణ వీగిపోయి..." అంటున్నాడు స్పీకరు. మా షావుకారు అప్పుడే వెనక్కి జారగిలబడ్డాడు.

"అధ్యక్షా, గొంతులు కాదు, తలలు లెక్కపెట్టించండి" అంది మా ఆడపడుచు.

అడిగితే లెక్కపెట్టి తీరాలట. గంట మోగింది. బయట ఉన్నవాళ్ళు లోపలికి పరిగెత్తుకొచ్చారు, తలుపులు మూసేశారు. ఒప్పుకునేవాళ్ళు లేచి నిలబడాలన్నారు. మొదట పదిమందే లేచారు. మిగతావాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. అరిచేటప్పుడు ఎవరి గొంతు ఏదో ఎవరికీ తెలియదు, నిలబడాలంటే మాత్రం మొహం కనిపిస్తుంది. టీవీ కెమెరా ఉంది, వాళ్ళ వాళ్ళ ఊళ్ళలో కొట్లలో నిలబడి పనిచేసే మనుషులున్నారు. ఒక్కొక్కరే లేవడం మొదలెట్టారు. ఇద్దరు గుమాస్తాలు చెరోవైపు నుంచీ వరసల మధ్య నడుస్తూ లెక్కపెట్టారు. తర్వాత కాదనేవాళ్ళు లేచారు. వాళ్ళనీ లెక్కపెట్టారు.

స్పీకరు గారు కాగితం అందుకున్నాడు. "అవును, నలభై రెండు. కాదు, నలభై రెండు. సరిసమానం."

సరిసమానమైతే స్పీకరే ఓటెయ్యాలి, బిల్లులో ఉన్నది ఉన్నట్టుగా ఉంచడమే ఆయన పాటించే పద్ధతి. అంటే 'వీలైన చోట' ఉండిపోతుంది. నా కాళ్ళు ఒక్కసారిగా సలుపెత్తాయి.

"ఒకటి తక్కువ, అధ్యక్షా" అంది మా ఆడపడుచు.

సభంతా నవ్వు. "టికెట్టు తీసుకోలేదా ఎవరైనా?" అని వెనక బెంచీ నుంచి ఎవడో అరిచాడు. స్పీకరు గారికి విసుగొచ్చింది. "ఇద్దరు మనుషులు లెక్కపెట్టారమ్మా."

"నిలబడినవాళ్ళనే లెక్కపెట్టారండీ. నా బస్సులో నేను కూర్చున్నవాళ్ళనీ లెక్కపెట్టేదాన్ని. ముందు వరసలో పెద్దాయన అవుననేవాళ్ళతో పాటు చెయ్యెత్తారు. ఆయన లేవలేరు కదా."

నవ్వు ఠక్కున ఆగింది. అన్ని తలలూ అటు తిరిగాయి. పెద్దాయన ఒక చేత్తో కర్ర పట్టుకున్నాడు, రెండో చెయ్యి ఇంకా పైకే ఉంది. పైకంటే ఎంత, భుజం దాటలేదు పాపం.

"ఎంతసేపని ఎత్తి పట్టుకోను? ఏడుసార్లు గెలిచాను, ఇద్దరు గుమాస్తాల్లో ఒక్కడి కంటికీ ఆనలేదు. ఈ కండక్టరమ్మ ఒక్కతే చూసింది" అన్నాడాయన.

"మీ ఓటు అవును కిందేనా?" అని అడిగాడు స్పీకరు.

"సందేహమేమిటయ్యా? నిలబడ్డమంటే ఏమిటో నా మోకాళ్ళని అడుగు, చెబుతాయి."

నలభై మూడు, నలభై రెండు. సవరణ నెగ్గింది. ఆ వెంటే బిల్లూ నెగ్గింది. నాకేం తెలుసు, నా చేతులు వాటంతటవే చప్పట్లు కొట్టేశాయి. కాపలావాడు పరిగెత్తుకొచ్చాడు. షావుకారు వెనక్కి తిరిగాడు.

"జ్వరం తగ్గిందా?" అన్నాడు పళ్ళు కొరుకుతూ.

"ఇప్పుడే దిగిందండీ" అన్నాను.

బయటికొచ్చాక మా ఆడపడుచుని పట్టుకుని ఏడ్చేశాను. "రోజూ నిన్ను ఏడిపించే మనిషి కదే, ఆయన నీకు ఓటేస్తాడని ముందే తెలుసా?" అని అడిగాను. "తెలియదు వదినా. కాదంటారనే అనుకున్నాను. అయినా ఎక్కినవాళ్ళందర్నీ లెక్కపెట్టాలి కదా, మనకి నచ్చినవాళ్ళని ఒక్కళ్ళనే కాదు" అంది. ఆ పూట గర్వంతో నాకు నేల మీద కాలు ఆనలేదు, అంత వాచిన కాళ్ళే!

షావుకారు ఊరుకుంటాడా? మర్నాడే నన్ను మేడ మీది సరుకు గదిలోకి మార్చాడు. తానులు దించడం, ఎక్కించడం. కిమ్మనకుండా చేశాను.

రెండు నెలల తర్వాత చట్టం అమల్లోకొచ్చింది. ఆ రోజు మధ్యాహ్నం మా ఆడపడుచు చెప్పాపెట్టకుండా కొట్టుకొచ్చింది. షావుకారు ఎదురెళ్ళి మరీ చూపించాడు, బల్లల కింద కొత్త పీటలు. నేను తాను భుజాన వేసుకుని మెట్లు దిగుతున్నాను. ఆవిడ గుమ్మంలోనే నిలబడి కొట్టంతా ఒకసారి కలయజూసింది. ఆ చూపు నాకు తెలుసు.

"పీటలు పదే ఉన్నాయి. ఒకటి తక్కువ" అంది.

"లేదమ్మా, సరిగ్గానే వేయించాను. ఇక్కడ పదిమందే."

"మా వదిన?"

"ఆవిడ పైన సరుకు గదిలో కదండీ. అక్కడ పీట వెయ్యడం వీలు..."

ఆ మాట దగ్గరే నాలిక కరుచుకున్నాడు. కొట్లో అందరూ ఆయన్నే చూస్తున్నారు. పదహారేళ్ళు చిల్లర కోసం వెతుక్కునేవాళ్ళ ముందు నిలబడ్డ మనిషి మా ఆడపడుచు, అలాగే ఓపిగ్గా నిలబడింది. చివరికి షావుకారే వెళ్ళి తన తిరిగే కుర్చీ లాక్కొచ్చి నా ముందు పెట్టాడు.

"రేపు పీట తెప్పిస్తాను. అందాకా ఇందులో కూర్చోండి" అన్నాడు. ఇరవై మూడేళ్ళలో నన్ను 'అండి' అనడం అదే మొదలు.

తాను బల్ల మీద పెట్టి కూర్చున్నాను. కొట్టు వేళలో, కొట్లో, అందరూ చూస్తుండగా కూర్చున్నాను. మా ఆడపడుచు మళ్ళీ ఒకసారి అందర్నీ లెక్కపెట్టుకుని, సరిపోయిందన్నట్టు తలూపి వెళ్ళడానికి తిరిగింది. ఆపుకోలేకపోయాను.

"రైట్ రైట్!" అని అరిచాను.