రెండు నలుపులు

నేను ఒక ప్రింటరును. సిరా చిమ్మి రాసే రకాన్ని. నా తలలో వెంట్రుకకంటే సన్నని రంధ్రాలు వరసగా ఉంటాయి. నన్ను తయారుచేసినవాళ్లు వాటిని పల్చటి సిరాకు సరిపోయేలా చేశారు. ఆ మాట నా పెట్టె మీద రాసి ఉంది. చదివినవాళ్లు లేరు.

మొదట చౌటుప్పల్‌లో ఒక వకీలు గుమస్తా దగ్గర ఉన్నాను. నిజాన్నీ అబద్ధాన్నీ ఒకే నలుపుతో రాశాను. తర్వాత మగ్గాల ఊళ్లో జిరాక్సు కొట్టు నడిపే వీరేశం నన్ను తెచ్చుకున్నాడు.

ఒక శ్రావణంలో అండాలు వచ్చింది. వీరేశానికి వరసకు వదిన. భర్త భిక్షపతి పోయి ఏడాది. ఆయన చిటికి చీరలకు, అంటే నూలుకు కట్లు కట్టి రంగులో ముంచి నేసే చీరలకు, నమూనాలు గీసేవాడు. చివరి నమూనా గీసిన గ్రాఫు కాగితం మడతల దగ్గర చిరిగి నాలుగు ముక్కలైంది. నలుపు నింపిన గడి ఎక్కడుంటే అక్కడ రంగు ఎక్కకుండా నూలుకు కట్టు కట్టాలి. ఆయన ఉండగా ఆ చీర ఒక్కసారే నేసి అమ్మారు, కట్లు కట్టింది అండాలే. కాగితం పోతే చీర కూడా పోయినట్టే. ముక్కలను నా అద్దం మీద పేర్చారు. నేను నకలు తీసి ఇచ్చాను.

పది రోజులకు ఆ నకలు తిరిగొచ్చింది. అద్దకం గదిలో తడిచేయి తగిలి గడులన్నీ కలిసిపోయాయి.

“గివి గడులా వీరేశం? ఏడ్చిన కండ్ల కాటుక లెక్కున్నయి.”

నీళ్లలో కరిగే రంగు అంతే. తొందరగా పారుతుంది, తొందరగా పోతుంది.

వీరేశం నల్గొండ వెళ్లి మరో రకం సిరా తెచ్చాడు. అందులో రంగు కరగదు, మెత్తటి పొడిగా తేలుతూ ఉంటుంది. తడిసినా చెదరదు. అండాలు రెండు సీసాల మూతలూ తీయించి, ఒక్కో దాంట్లో ఒక్కో తెల్ల నూలుపోగు కొస ముంచి పట్టుకుంది. పాత సిరా పోగు వెంట జరజరా ఎక్కింది. కొత్తది సగంలోనే నిలిచింది.

“ఇది చిక్కగున్నది. నీ మిషిని మింగుతదా?”

“ఏణ్నీళ్లు గలిపితే మింగక ఏంజేస్తది వదినె? మనం రంగు పల్చగ జేసుకుంటలేమా?”

“మన రంగు నీళ్లల్ల కరుగుతది. ఇది కరుగుతదా? నాకైతే మనసొప్పుత లేదు.”

“మిషిని నాది గద. నీకెందుకు రంధి?”

వేడినీళ్లు కలిపాడు. అద్దకపు ఇంట్లో పుట్టినవాడు కాబట్టే కలిపాడు. సిరా పల్చబడింది. కానీ పొడి రేణువులను విడివిడిగా నిలిపి ఉంచే మందు కూడా పల్చబడి, అవి ఒకదానికొకటి అంటుకోసాగాయి. చెప్పడానికి నాకు నోరు లేదు. ఉన్న రంధ్రాలన్నీ సిరావే.

ముక్కలను మళ్లీ నా అద్దం మీద పేర్చారు. సగం వరకు చక్కగా వేశాను. ఆపైన గీతలు సన్నబడ్డాయి. చివరి పదకొండు వరుసలు తెల్లగా బయటికి వచ్చాయి.

వీరేశం కంగారుగా నా తల విప్పి, సిరంజితో సిరా వెనక్కి గుంజబోయాడు. చేయి జారింది. చిక్కటి నలుపు, తీసి పక్కన పెట్టిన ముక్కల్లో చివరి వరుసలున్న నాలుగోదాని మీద ఒలికింది. అండాలు కొంగుతో అద్దింది, నీళ్లు చల్లింది. అది చెదరని సిరా. చెదరలేదు.

“వదినె...” అంటూ వీరేశం సిరంజి కింద పెట్టాడు.

ఆమె కొత్త నకలు ముందు పెట్టుకుని, కళ్లు మూసుకుని, గాలిలో వేళ్లు కదిపింది. లేని నూలుకు లేని కట్లు కట్టింది. కళ్లు తెరిచి పెన్సిలుతో ఒక వరుస నింపింది. మళ్లీ మూసుకుంది. అలా పది వరుసలు నిండాయి. పదకొండోదాని దగ్గర వేళ్లు ఆగాయి.

“ఆయనెట్ల ముగించిండో యాదికొస్తలేదు,” అంది.

ఆమె పెన్సిలు మళ్లీ అందుకుని ఆ వరుస తనకు తోచినట్టు నింపింది.

“గిది నాది,” అని కాగితం మడవకుండా చేతుల మీద మోసుకుపోయింది.

నా గొంతులో పొడి గట్టిపడింది. ఇప్పుడు అటక మీద ఉన్నాను. పల్చటిదీ చిక్కటిదీ రెండూ తాగినదాన్ని. అయితే ఆ పదకొండో వరుస ఏ సిరాతోనూ నేను వేయగలిగేది కాదు.